వార్తల్లో పదం: గ్రీన్‌ఫీల్డ్ పెట్టుబడి

విదేశీ కంపెనీ ఇక్కడున్న ఫ్యాక్టరీని కొనకుండా, ఖాళీ నేలలో పునాది నుంచి సొంతంగా కట్టుకుంటే అది గ్రీన్‌ఫీల్డ్ పెట్టుబడి. పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కార్ల ప్లాంటు ఇందుకు ఉదాహరణ. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి సుమారు 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది.

విదేశీ మార్కెట్లోకి వెళ్లే ఇతర మార్గాలు
ఎగుమతి: ఖర్చు, రిస్కు తక్కువ; సుంకాల భారం ఎక్కువ.
ఫ్రాంచైజీ: పేరు, పద్ధతి ఇచ్చి రాయల్టీ తీసుకోవడం. జూబిలెంట్ నడిపే డొమినోస్ ఇలాంటిదే.
జాయింట్ వెంచర్: స్థానిక భాగస్వామితో చేతులు కలపడం. 1982లో సుజుకీ మారుతితో చేసింది ఇదే.
టేకోవర్: నడుస్తున్న సంస్థను కొనేయడం. 2008లో టాటా మోటార్స్ జాగ్వార్ లాండ్ రోవర్‌ను ఇలాగే కొన్నది.

కియా ఎందుకిలా వచ్చింది?
పూర్తిగా తయారైన కార్ల దిగుమతిపై సుంకం భారీగా ఉండేది. వాహన రంగంలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉంది. పైగా అదే గ్రూపులోని హ్యుందాయ్‌కు 1998 నుంచే చెన్నై దగ్గర కార్లు చేసిన అనుభవం ఉంది. ఇక మార్కెట్ గురించి చెప్పే భాగస్వామి అవసరమేముంది?

అయినా కియా ఒకే దారి పట్టుకోలేదు. 2020లో కార్నివాల్‌ను దిగుమతి చేసుకున్న విడిభాగాలతో ఇక్కడ బిగించింది. 2022లో ఈవీ6ను నేరుగా దిగుమతి చేసింది. కొద్దిగా అమ్ముడయ్యే ఖరీదైన కారుకు కొత్త లైను వేయడం గిట్టుబాటు కాదు.

గ్రీన్‌ఫీల్డ్‌లో పెత్తనం, లాభం పూర్తిగా సొంతం. నష్టమూ అంతే.