మూడు ఇరుసుల పంపకం

నేల మీద ఆనకుండా, కింద ఏ ఆసరా లేకుండా, రెండు ఇనుప కడ్డీలు ట్రక్కు ముందు చక్రాల మీదికి బరువును ఎలా పంపగలవు? ట్రావెల్ ట్రైలర్‌ను లాగుతున్న పికప్ బొమ్మను బోర్డు మీద గీసినప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఇలా బరువును పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

అమెరికాలో ఇలాంటి ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే బాల్ మీద పడేలా సామాను సర్దుతారు. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. సరుకు ఇరుసుకు వెనకగా ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి. ట్రైలర్‌కు ముందు బరువు చాలకపోతే వేగం అందుకోగానే అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. కాబట్టి ఆ బరువు ఉండాల్సిందే.

చిక్కల్లా బాల్ ఉన్న చోటుతోనే. ట్రక్కు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్‌కు ఒకటిన్నర మీటరు అనుకుందాం. బాల్ మీద 300 కిలోలు పడితే వెనక ఇరుసు మీద అదనంగా పడేది 300 కాదు, 450! ఆ ఎక్కువ 150 ముందు ఇరుసు నుంచి లేచి వచ్చింది. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు పైకి చూస్తాయి.

ఇక ప్రశ్నకు జవాబు. బాల్ ఒక కీలు. కీలు బలాన్ని అటూ ఇటూ అందిస్తుంది గానీ టార్క్‌ను అందించదు. అందుకే ట్రక్కూ ట్రైలరూ అక్కడ కిందికి మడతపడతాయి. హిచ్ తలలో బిగించిన రెండు స్ప్రింగ్ బార్లు వెనక్కి, ట్రైలర్ చట్రం కిందికి వెళ్తాయి. వాటి కొసలను గొలుసులతో పైకి లాగి కట్టగానే బార్లు విల్లులా వంగి, కీలుకు నిలువు దిశలో బిగువు ఇస్తాయి. మలుపులకు మాత్రం అది ఎప్పటిలాగే తిరుగుతుంది. ముప్పావు మీటరు బారుకు ఒక్కో గొలుసు 230 కిలోల బలంతో లాగితే రెండూ కలిసి 345 కిలోగ్రామ్-మీటర్ల టార్క్. దాన్ని ట్రక్కు ఇరుసుల మధ్య ఉన్న 3 మీటర్లతో భాగిస్తే 115; అంత బరువు ముందు ఇరుసు మీదికి తిరిగి వస్తుంది. ట్రైలర్ ఇరుసు బాల్‌కు 5 మీటర్ల వెనక ఉంటే దాని మీద 69 కిలోలు పెరుగుతాయి. బాల్ మీద అంతే తగ్గుతుంది కాబట్టి ముందు ఇరుసుకు మరో 35 దాకా తిరిగి వస్తుంది. మొత్తం దాదాపు 150, ముందు ఇరుసు పోగొట్టుకున్నది అంతే! 300లో మిగిలిన 231 ట్రక్కు వెనక ఇరుసుది. కూడితే మళ్లీ 300. బార్లు కొత్త బరువేదీ పుట్టించలేదు, నేల మోసే వాటాలను మార్చాయి.

సర్దుబాటుకు టేపు చాలు. ట్రైలర్ తగిలించక మునుపు ట్రక్కు ముందు మడ్‌గార్డ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవాలి. తగిలించాక ఒకసారి, బార్లు బిగించాక మరోసారి. పెరిగిన ఎత్తులో సగం తగ్గితే చాలని కొందరు తయారీదారులు, పూర్తిగా తగ్గాలని మరికొందరు అంటారు. మొదటి కొలత కంటే కిందికి మాత్రం దింపకూడదు, వెనక టైర్ల పట్టు పోతుంది. ట్రక్కు చూపుకు సమంగా కనబడాలని పట్టుబట్టడం పొరపాటు. వెనక ఆ 231 కిలోలు ఉన్నాయి కదా, కొంత కుంగడం సహజం.

బిగువు చాలకపోతే గొలుసులో ఒక లింకు దగ్గరికి పట్టాలి, లేదా హిచ్ తలను ఇంకాస్త వెనక్కి వంచాలి. గొలుసు తగిలించేటప్పుడు బలం ప్రయోగించనక్కర్లేదు. బాల్‌ను పట్టుకునే ట్రైలర్ కప్లర్‌కు తాళం పడ్డాక ట్రైలర్ జాకీతో బాల్‌ను, దాంతోపాటు ట్రక్కు వెనక భాగాన్ని పైకి లేపితే బార్లు వదులై చేతికి అందుతాయి. జాకీ దించుతుంటే బార్లు వాటంతటవే వంగుతాయి. ఈ ఒక్క ఉపాయం నాకెంత ముచ్చటో!

తర్వాతి కథ చాలానే ఉంది. ఊగడాన్ని అణచడానికి రాపిడి పట్టీలు వచ్చాయి. జిమ్ హెన్స్లీ అనే ఆవిష్కర్త నాలుగు కడ్డీల అమరికతో ట్రైలర్ తిరిగే కేంద్రాన్నే ట్రక్కు వెనక ఇరుసు దగ్గరికి జరిపినట్టు చేశాడు. యూరప్ వాళ్లు కారవాన్ ముక్కు బరువునే చాలా తక్కువగా ఉంచుకుని, చాలావరకు ఈ బార్ల జోలికే పోలేదు.