గాలికి లేవని సోలార్ షెడ్డు

విజయవాడ పటమటలో పాత డాబాల మీద స్తంభాల ఊచలు ఇంకా పైకి నిలబడి కనిపిస్తాయి. ఎప్పటికైనా మరో అంతస్తు వేద్దామన్న ఆశ అది. అక్కడ సోలార్ పలకలు బిగిస్తే అంతస్తు వేసే రోజున విప్పాల్సిందే. పైగా నీళ్ల ట్యాంకు నీడ ఒకటి, పక్క అపార్టుమెంటు నీడ ఒకటి. అందుకే ఇంటికి దూరంగా, గేటు పక్కన నిలబెట్టే కారు షెడ్డు వైపు చూపు పోవడం సహజం. ఆలోచన మంచిదే. అయితే అక్కడ సోలార్ పలక కప్పు మీద పెట్టిన సామాను కాదు, తానే కప్పు.

ఈ పలక పుట్టింది కప్పుగా ఉండడానికి కాదు. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తాము చేసిన సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించారు. దాని కరెంటుతో ఒక బొమ్మ రంగులరాట్నం తిరిగింది. పడిన ఎండలో సుమారు 6 శాతమే కరెంటయింది. 1958లో అలాంటి సెల్స్ వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో అంతరిక్షానికి వెళ్లాయి. అక్కడ గాలీ లేదు, వానా లేదు. నేల మీదికి వచ్చాకే గట్టి గాజు, అల్యూమినియం చట్రం అవసరమయ్యాయి. ఇప్పటి మంచి పలక 20 శాతం దాటి ఇస్తోంది.

పలకనే కప్పుగా వాడిన ఉదాహరణ విజయవాడలోనే ఉంది. 2021లో మన రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారం మీద 130 కిలోవాట్ల సోలార్ పలకలను నీడకప్పుగా వేశారు. కొచ్చి విమానాశ్రయంలో కార్లు నిలిపే చోట కూడా ఇలాంటి కప్పులే ఉన్నాయి.

ఇంటి షెడ్డుకు లెక్క వేద్దాం. 540 వాట్ల పలకలు ఆరు తీసుకుంటే 3 కిలోవాట్లకు కాస్త పైన వస్తుంది. వాటి వైశాల్యం దాదాపు 15 చదరపు మీటర్లు, ఒక కారు నీడన నిలుస్తుంది. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున 12 యూనిట్లు చేతికొస్తాయి. అడుగున గాలి ఆడుతుంది కాబట్టి డాబాకు దగ్గరగా బిగించిన పలకల కన్నా ఇవి తక్కువ వేడెక్కుతాయి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ ఉత్పత్తి 0.35 శాతం దాకా తగ్గుతుంది గనుక మన మే నెల ఎండల్లో ఇది చిన్న లాభం కాదు.

చిక్కంతా ఆ అడుగున ఆడే గాలితోనే. కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 విజయవాడకు సెకనుకు 50 మీటర్ల వేగం నిర్ణయించింది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. గోడలు లేని షెడ్డులో అది కిందనుంచి దూరి, గొడుగును తిరగేసినట్టు కప్పును పైకి ఎత్తుతుంది. 15 చదరపు మీటర్లకు స్థూలంగా 2 టన్నులకు పైమాటే. ఆరు పలకల బరువు కలిపినా సుమారు 170 కిలోలే. మిగతాదంతా పునాది పట్టుకోవాలి.

నాలుగు స్తంభాలైతే ఒక్కోదాని కింద అర టన్నుకు మించిన కాంక్రీటు ఉండాలన్నమాట. డెల్టా నేలలో మరో సంగతి ఉంది. తుపాను రోజుల్లో భూగర్భ జలం పైకొచ్చి కాంక్రీటు దిమ్మె నీళ్లలో మునిగితే దాని బరువులో నలభై శాతం పోయినట్టే. ఈదురుగాలి, వాన కలిసి వచ్చే మన ఊళ్లో పునాది దాదాపు 1.7 రెట్లు పెద్దదిగా వేయించడం దుబారా కాదు.

ఇనుము పని విషయంలో మనకు కొదవ లేదు. లారీ బాడీలు కట్టే చేతులు పక్కనే ఆటోనగర్‌లో ఉన్నాయి. కాకపోతే జింకు పూత పూసిన పైపును వెల్డింగ్ చేస్తే ఆ చోట పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది. వీలైనంతవరకు నట్లు, బోల్టులతో బిగించాలి. తప్పని చోట జింకు పెయింటు వేయాలి.

షెడ్డు ఇంటికి 20 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోతుందన్న భయం అక్కర్లేదు. ఆరు పలకలను వరసగా కలిపితే 240 వోల్టుల పైన వస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో నష్టం ఒక శాతం చుట్టూనే. కేబుల్‌ను పైపులో నేలకింద తేవాలి, ఇన్వర్టర్‌ను వరద నీరు అందని ఎత్తులో పెట్టాలి, షెడ్డుకు విడిగా ఎర్తింగ్ వేయాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్లకు 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. అందుకు దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలే కావాలి. మీది విడి షెడ్డని దరఖాస్తుకు ముందే విద్యుత్ సంస్థకు చెప్పి, అర్హత కనుక్కోండి.

కొటేషన్ తెచ్చినవారు పలకల కంపెనీ పేరు, వారంటీ ఏళ్లు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. మీరు మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం చేసిన పునాది డ్రాయింగ్ అడగండి. అందులో సెకనుకు 50 మీటర్ల గాలి లెక్క లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.