క్రొత్త కంప్యూటరు - దాని తాళపుచెవులు



ఇంటిలోనికి ఏ వస్తువు వచ్చినను దాని మంచిచెడ్డలు గృహిణికి తెలిసియుండుట మన యాచారము. బియ్యపుడబ్బా మూత మొదలు ఇనుపబీరువా తాళము వరకు ఏది యెక్కడ నున్నదో ఆమె చీకటిలోనైనను చెప్పగలదు. కాని కంప్యూటరు విషయమున మాత్రము ఈ యాచారమును మనము విడిచిపెట్టితిమి. కుమారుడో, మేనల్లుడో ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యాము మున్నగు భాగములను వేరువేరుగా కొనితెచ్చి, హాలులో పరచుకొని మరలు బిగించుచుండగా మనము వేడుకతో చూతుము, కాఫీ యిత్తుము. "ఇక సాఫ్టువేరు ఎక్కించవలెను" అని అతడనగానే, అది మన పని కాదని వంటింటిలోనికి పోవుదుము. నిజమునకు మనము దగ్గర కూర్చుండవలసిన గడియ అదియే. ఈ సంగతిని నేను ఒక యాపద వచ్చినపిమ్మటగాని గ్రహింపలేదు.

2024 చివర మా మేనల్లుడు మా యింట నొక కంప్యూటరును కూర్చెను. సాఫ్టువేరు ఎక్కించునపుడు అది ఇ-మెయిలు ఖాతా నడుగగా, ఎవరిని పిలుచుట యెందుకని తన ఖాతానే యిచ్చెను. అందులో నతని దోషమేమియు లేదు. నేను వంటింటిలో నుంటిని. తరువాత నతడు చదువునకై జర్మనీ వెళ్లెను. మా యమ్మ పోవుటకు ముందు పాడిన పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు నా ఫోనులో నుండెను. ఫోను నిండిపోయినదని వానిని కంప్యూటరులోనికి మార్చి, ఫోనునుండి తీసివేసితిని.

2025 వేసవిలో ఒక మరమ్మతుదారు వచ్చి మదర్‌బోర్డులోని మూలప్రోగ్రామును నవీకరించెను. యంత్రము తిరిగి వెలిగినంతనే నీలపు తెరపై, 48 అంకెల తాళపుసంఖ్యను చెప్పిననేగాని తెరువనని వ్రాత కనబడినది. మా వారికి తెలియదు, నాకు తెలియదు. "ఏమున్నదండీ, అంతయు చెరిపివేసి క్రొత్తగా ఎక్కించెదను" అని మరమ్మతుదారు సిద్ధపడెను. అతని చేతిని వారించి మేనల్లునికి ఫోను చేసితిని. మనకు తెల్లవారినను అక్కడ నింకను చీకటియే. పాపము, నిద్రనుండి లేచి తన ఖాతాలో వెదకి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు చదివెను, నేను వ్రాసికొంటిని. యంత్రము తెరచుకొన్నది. "అత్తా, ఆ పాత ఖాతాను ఈ నెలలో మూసివేయవలెననుకొంటిని" అని అతడనగా నా గుండె జల్లుమన్నది. మూసియుండినచో మా యమ్మ గొంతు మరల వినబడెడిది కాదు.

కావున క్రొత్త యంత్రమునకు సాఫ్టువేరు ఎక్కించు క్రమమును ప్రతి గృహిణియు తెలిసికొనవలయును. అది కఠినము కాదు. భాగములు బిగించిన యంత్రము, పొయ్యి వెలుగని క్రొత్తయిల్లు వంటిది. దానిని నడపునట్టి మూలసాఫ్టువేరునకే ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మన యిండ్లలో నెక్కువగా వాడునది విండోస్. విండోస్ 10కి ఉచితమగు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. కనుక క్రొత్త యంత్రములో దాని నెక్కించుకొనరాదు. విండోస్ 11కు కనీసము 4 జీబీల ర్యాము, 64 జీబీల నిల్వస్థలము, టీపీఎం 2.0 అను రక్షణభాగము కావలయును. ధన మక్కరలేనిది కావలెనన్నచో, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌పై నిర్మింపబడిన ఉబుంటు మొదలగునవి కలవు. ఏదైనను తయారుచేసినవారి చోటునుండియే 8 జీబీల పెన్‌డ్రైవులోనికి దింపుకొనవలయును. ఎవరో తాళము పగులగొట్టి ఉచితముగా నిచ్చు ప్రతిని ఇంట చేర్చుట, దొంగసొత్తుతోపాటు దొంగనుగూడ పిలుచుటయే.

ఎక్కించునపుడు ఏ డిస్కులో నుంచవలెనని యంత్రమడుగును. పాత కంప్యూటరునుండి తీసిన, ఛాయాచిత్రములు గల డిస్కును అప్పటికే తగిలించియున్నచో, పొరపాటున దానినే చెరిపివేయు ప్రమాదము కలదు. పని ముగియువరకు పాతడిస్కును విప్పి ప్రక్కన నుంచుడు.

పిదప ఖాతా. ఇచ్చటనే మీరు పట్టుదలతో నుండవలయును. ఇంటి యంత్రమునకు ఇంటివారి ఖాతాయే యుండవలెను. 2024లో వెలువడిన విండోస్ 11 రూపము మొదలు, యంత్రమును క్రొత్తగా నెలకొల్పి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినచో, పెక్కు యంత్రములందు డిస్కునకు తాళము తనంతతానే పడును. దొంగ యెత్తుకొనిపోయినను లోని కాగితములు చదువలేడు, ఇది మేలే. కాని మూలభాగములలో మార్పు కలిగినచో, పరాయివారు చేయిపెట్టిరేమో యని శంకించి అది యజమానినిగూడ ఆ 48 అంకెల నడుగవచ్చును. ఆ సంఖ్య ఎవరి ఖాతాతో తెరచితిరో వారి ఖాతాలోనికే పోయి చేరును. దానిని ఆనాడే చూచి, కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతో నుంచుడు. కంప్యూటరులోనే దాచినచో, బీరువా తాళపుచెవిని బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్లగును.

యంత్రమును మార్చు అధికారము గల ఖాతా నొకదానిని వేరుగా నుంచి, నిత్యము వాడుటకును, పిల్లలకును సామాన్యపు ఖాతాలు కల్పించుడు. తెలియక పిల్లలు దేనినో నొక్కినను అపాయము కొంత తగ్గును. నవీకరణములను, తెర, ధ్వని, ముద్రణయంత్రములకు వలయు డ్రైవర్లను ఎక్కించుట ఒక పూటపని. అది పిల్లవానికి విడిచిపెట్టవచ్చును.

తెలుగును మరువకుడు. యూనికోడు అను లిపిసంకేతపద్ధతి 1991లో వెలువడిన మొదటి రూపమునుండియు మన యక్షరములకు స్థానమిచ్చినది. భాషల పట్టికలో తెలుగును చేర్చుకొన్నచో ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుస లభించును. లిబ్రె ఆఫీసు అను ఉచిత సాఫ్టువేరులో ఉత్తరములేగాక ఇంటిపద్దులుగూడ వ్రాసికొనవచ్చును. అత్తగారు తన నోముల కథలను తానే తెలుగున వ్రాసికొనుచుండగా చూచుట ఎంత ముచ్చట!

కడపటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, నకలు. ఆవకాయ పెట్టిన యిల్లాలు ఏడాది పచ్చడినంతను ఒక్క జాడీలోనే యుంచి దినదినము చేయిపెట్టదు. వాడుకకు కొంచెము తీసికొని, పెద్దజాడీకి వాసెన కట్టును. అట్లే ఇంటి ఛాయాచిత్రములు, పిల్లల ధ్రువపత్రములు, పెద్దల పాటలు మూడు ప్రతులుగా నుండవలయును. ఒకటి కంప్యూటరులో, రెండవది నెలకొకమారు తగిలించి విప్పివేయు వెలుపలి డిస్కులో, మూడవది వేరొక యింట, అనగా పుట్టింటనో కూతురి యింటనో. మొదటి ప్రతి యంత్రము నెలకొల్పిన నాడే తీయుడు.

మన బిడ్డలు నేడు దూరదేశములకు పోవుచున్నారు. వారు తెలివిగలవారే, ప్రేమగలవారే. కాని అర్ధరాత్రి లేపినప్పుడెల్ల పలుకుదురని యెట్లు నమ్ముట? కావున ఈమారు మీ యింట మరలు బిగించుట ముగిసి, సాఫ్టువేరు మాట వినబడినంతనే, పొయ్యి కట్టివేసి, ఒక పుస్తకమును కలమును చేతబట్టుకొని పిల్లవాని ప్రక్కన కూర్చుండుడు. ఇంటి తాళపుచెవులగుత్తి తరతరములుగా మన నడుముననే యున్నది. ఈ క్రొత్త తాళపుచెవిని గూడ ఆ గుత్తిలోనే చేర్చుకొందుము గాక!