పట్టాల మీద టపాకాయ: ఇంజన్ డ్రైవరును ఆపే నల్లమందు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని, హౌరా వైపు వెళ్లే మార్గంలో లాల్‌ఖదాన్ ఉంది. 2025 నవంబరు 4న ఇక్కడికి దగ్గరలోనే గెవ్రా రోడ్ నుంచి వస్తున్న మెమూ రైలు, ముందున్న గూడ్సు బండిని వెనుకనుంచి ఢీకొంది. పలువురు చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణాలు ఏమైనా, ఒక పట్టా మీద ముందు బండి ఉండగా వెనుక మరో బండి రావడమన్నది రైల్వేలంత పాత భయం. ఆ భయానికి విరుగుడుగా ఇంగ్లండులో ఎడ్వర్డ్ కూపర్ 1841లో రూపొందించిన చిన్న రేకుబిళ్ల నేటికీ మన రైల్వే నిబంధనల్లో ఉంది. దాని పేరు డిటొనేటర్. హిందీ ప్రాంతపు రైల్వే సిబ్బంది నోట అది ‘పటాఖా’.

గుండ్రని రేకు డబ్బా, లోపల నల్ల తుపాకిమందు, నిప్పు పుట్టించే టోపీలు, పట్టాకు బిగించడానికి వంచే పట్టీలు. అంతే సరంజామా. (తెలుగులో ‘నల్లమందు’ అంటే అభిని అని కూడా అర్థం. ఇక్కడిది సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన మందు.) చక్రం బరువుకు డబ్బా నలిగి టోపీ పేలుతుంది, ఆ నిప్పురవ్వతో మందు అంటుకుంటుంది. 19వ శతాబ్దపు కోల్ట్ రివాల్వర్లలో జరిగేదీ ఇదే. అక్కడ చక్రం చేసే పని సుత్తి చేస్తుంది. ఒక తేడా ఉంది. రివాల్వర్‌లో ఆరు గదుల్లో మందు నింపి, ముందు నుంచి గుండు దిగ్గొడతారు. ఒక గది మంట పక్క గదులకు పాకితే చెయ్యి పోతుంది. అందుకే గుండు బిగువుగా కూర్చోవాలి. డిటొనేటర్‌లో మాత్రం ఉన్న మందంతా ఒక్కసారిగా మోగడమే కావాలి.

పేరు డిటొనేటరే గానీ, శాస్త్రపరంగా చూస్తే నల్లమందు డిటొనేట్ కాదు. డైనమైట్‌లో మాదిరి ధ్వనిని మించిన వేగంతో ఆఘాత తరంగం సాగదు. మందు రేణువుల మీదుగా మంట అతివేగంగా పాకుతుంది, అంతే. సురేకారం ఆక్సిజన్ ఇస్తుంది, బొగ్గు మండుతుంది, గంధకం త్వరగా అంటుకునేలా చేస్తుంది. మందు బరువులో సగానికి పైగా ఘనపదార్థాలుగానే మిగులుతుంది. ఆ దట్టమైన తెల్లపొగ వాటిదే. మూసిన డబ్బాలో వాయువులకు దారి లేక రేకు చీలుతుంది. ఇంజన్ రొదలోనూ వినబడే చప్పుడు అదే.

ఈ మందుకు పెద్ద శత్రువు తేమ. సోడియం నైట్రేట్ చవకైనా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే పొటాషియం నైట్రేటునే వాడతారు, డబ్బాను గట్టిగా మూస్తారు.

నడిదారిలో బండి ఆగిపోయి, వెనుక నుంచి రక్షణ కావాల్సినప్పుడు గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్) ఎర్రజెండా పట్టుకుని వెనక్కి నడవాలి. బ్రాడ్‌గేజ్‌లో బండికి 600 మీటర్ల దూరాన ఒకటి, 1200 మీటర్లకు తగ్గకుండా మూడు, పది మీటర్ల ఎడంతో పెట్టాలి. లెక్క వేసి చూస్తే ఈ అంకెల వెనుక ఆదుర్దా తెలుస్తుంది. గంటకు 5 కిలోమీటర్ల నడకతో 1200 మీటర్లకు 14 నిమిషాలు దాటుతుంది. గంటకు 100 కిలోమీటర్ల బండి అదే దూరాన్ని 43 సెకన్లలో దాటేస్తుంది. దారిలో ముందే ఒకటి పెట్టమనడం అందుకే: ఆయన చివరిదాకా చేరేలోపు బండి వస్తే ఆ ఒక్కటైనా మోగుతుంది. తిరిగి రమ్మని పిలుపు వస్తే మధ్యలోనిది తీసుకొచ్చేయాలి, దూరంగా ఉన్న మూడూ అక్కడే వదిలేయాలి. వెనుక వచ్చే డ్రైవరుకు అవే హెచ్చరిక. ఆ వేగంలో అతనికి ఒక్కో పేలుడు మధ్య సుమారు 0.36 సెకను మాత్రమే వ్యవధి. మూడు చప్పుళ్లు దాదాపు ఒకే గుక్కలో వినబడతాయి.

చలికాలపు పొగమంచులో దీని పని వేరు. సిగ్నల్‌కు కనీసం 270 మీటర్ల ముందు, పది మీటర్ల ఎడంతో రెండు పెడతారు. ఆపమని చెప్పడానికి కాదు, సిగ్నల్ దగ్గరపడిందని గుర్తుచేయడానికి. ఇప్పుడు ఈ పనిని చాలా చోట్ల జీపీఎస్ పరికరాలు చేస్తున్నాయి.

పేలినప్పుడు రేకు ముక్కలు ఎగిరిపడతాయి. అందుకే ఖాళీ వాగన్‌ను మెల్లగా తోసి డిటొనేటర్లను పరీక్షించేటప్పుడు సిబ్బందిని దూరంగా నిలబెడతారు. పట్టాల పక్కన దొరికిన పేలని బిళ్లను పిల్లలు రాయితో కొట్టి చూస్తే, అక్కడ చక్రం చేసే పనే జరుగుతుంది. దూరం మాత్రం ఉండదు.