పెరటి బాతుల అరుపులతో పక్కింటివాళ్లతో పేచీయా?

పట్నాలు పెరిగి పొలాల మీదికి వచ్చేస్తున్నాయి. భీమవరం, తణుకు, ఏలూరు, తెనాలి ఏ ఊరి అంచున చూసినా ఇదే వరస. మొన్నటిదాకా మీ దొడ్డి గోడ అవతల వరిచేను ఉండేది. ఇప్పుడు అక్కడ డాబా లేచింది. అందులోకి ఉద్యోగస్తులు దిగారు. మీ ఇంట్లో ఆడవాళ్లు పెంచుకుంటున్న ఆరేడు బాతులు మాత్రం ఎప్పటిలాగానే తెల్లారగట్ల నాలుగున్నరకి గొంతెత్తుతాయి. ఇంకేం, పేచీ మొదలు!

మాకు తెలిసిన ఒక కౌలు రైతు ఇంట్లో ఇదే జరిగింది. కౌలు పోను చేతికొచ్చేది అంతంతమాత్రం. బాతు గుడ్లు అమ్మిన డబ్బుతోనే ఆ ఇల్లాలు పిల్లల పుస్తకాలూ, ఇంట్లోకి ఉప్పూ పప్పూ చూసుకునేది. పక్కింటాయన మునిసిపాలిటీకి అర్జీ పెడతానన్నాడు. బాతుల్ని మందవాళ్లకి అమ్మేద్దామని ఇంటాయన, నా గుడ్ల డబ్బులు నువ్విస్తావా అని ఆవిడ. ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు బాతుల్ని అమ్మేసే ముందు కింది సంగతులు ఒకసారి చదవండి. బాతుని పూర్తిగా మూగదాన్ని చెయ్యడం ఎవరి వల్లా కాదు. కానీ అరుపుల్ని బాగా తగ్గించవచ్చు, ముఖ్యంగా రాత్రిపూట, తెల్లవారుజామున.

అరిచేది ఏది?

పెద్దగా 'బేక్ బేక్'మని అరిచేది ఆడబాతే. మగబాతుకి గొంతు బొంగురు, పడిశం పట్టిన మనిషి గుసగుసలాడినట్టు ఉంటుంది. మగదాని శ్వాసనాళం అడుగున బుడ్డలాంటి ఎముక భాగం ఒకటి ఉంటుంది, ఆడదానికి అది ఉండదు. గొంతులో తేడాకి అదే కారణం. పిల్లలు రెండు నెలల వయసుకొచ్చేసరికి ఈ తేడా తెలిసిపోతుంది. చేతిలోకి తీసుకుంటే గట్టిగా అరిచేది ఆడది, బుసలాంటి శబ్దం చేసేది మగది. ఇంకా పెద్దయ్యాక మగదాని తోక మీద ఈకలు పైకి ఉంగరం తిరుగుతాయి.

చిక్కేమిటంటే, గుడ్డు పెట్టేది కూడా ఆ అరిచేదే. మగవాటిని మాత్రమే ఉంచుకుంటే ఇల్లు ప్రశాంతమే గానీ గంపలో గుడ్డుండదు. అయితే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. తినడానికో అమ్మడానికో గుడ్లు కావాలంటే మగబాతు అవసరమే లేదు. పిల్లలు తీయించాలంటేనే ఆరేడు ఆడవాటికి ఒక మగది కావాలి. నాలుగు ఆడవాటి మధ్య రెండు మగవి ఉన్నాయనుకోండి, అవి రోజంతా వెంటపడి తరుముతూనే ఉంటాయి, ఆడవి కేకలు పెడుతూనే ఉంటాయి. మగవాటిని తీసేస్తే సగం గోల అక్కడే తగ్గుతుంది.

ఒక్కదాన్నే ఉంచితే అరవదులే అనుకోవద్దు. బాతు గుంపులో బతికే పక్షి. ఒంటరిగా ఉంటే తోడు కోసం పిలుస్తూనే ఉంటుంది. రెండిళ్ల మధ్య కాస్త జాగానే ఉన్నవారికి మూడు నాలుగు ఆడబాతులు సరిపోతాయి. పది దాటితే మాత్రం ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పట్నం పెరట్లో కష్టమే.

ఏ జాతి మంచిది?

ఖాకీ కాంప్‌బెల్ గుడ్లకి పెట్టింది పేరు. బాగా చూసుకుంటే ఏడాదికి 280 నుంచి 300 దాకా పెడుతుంది. కానీ బెదురు స్వభావం. గిన్నె కింద పడ్డా గుంపంతా ఉలిక్కిపడి పరుగెడుతుంది. మాంసానికి పెంచే తెల్ల పెకిన్‌ది నోరు మరీ పెద్దది, ఇరుగుపొరుగు ఉన్నచోట దాని జోలికి పోకపోవడం మంచిది. నాటు బాతులు ఈ రెండింటికీ మధ్యరకం.

ముక్కు చుట్టూ ఎర్రటి బుడిపెలుండే మస్కోవీ బాతు మాత్రం దాదాపు మూగదే. మగది బుస కొడుతుంది, ఆడది సన్నగా కూనిరాగం తీస్తుంది, అంతే. గుడ్లు తక్కువగా పెట్టినా, తన గుడ్లు తనే పొదిగి పిల్లల్ని లేపుకుంటుంది. మామూలు బాతు గుడ్డు 28 రోజులకి పగిలితే, దీనికి 35 రోజులు పడుతుంది. ఇది ఎగరగలదు కూడా. ఒకవైపు రెక్క పెద్ద ఈకల్ని కత్తిరించకపోతే పక్కింటి డాబా ఎక్కి కూర్చుంటుంది, అదింకో తగాదా. ఇక మస్కోవీని మామూలు బాతుతో జత కడితే పుట్టే పిల్లలు గొడ్డువి. గుడ్లమీద ఆధారపడ్డ ఇంటికి కాదుగానీ, మాంసానికి రెండు మూడు పెంచుకునేవారికి ఇదే తగినది.

ఎందుకు అరుస్తాయి?

ఆకలేసి అరుస్తాయి, అది అందరికీ తెలుసు. కానీ ఎక్కువసార్లు అవి అరిచేది ఆకలికి కాదు, మిమ్మల్ని చూసి! వంటింటి వెనక తలుపు తెరుచుకుందంటే కుడితో నూకలో వస్తాయని వాటికి తెలుసు. తలుపు కిర్రుమనగానే కోరస్ ఎత్తుకుంటాయి. గోల భరించలేక మీరు గబగబా గుప్పెడు తవుడు వేసేస్తారు. అరిస్తే మేత వస్తుందని మీరే వాటికి నేర్పుతున్నారన్నమాట.

ఇది మాన్పించడానికి ఖర్చేమీ లేదు, ఓపిక కావాలి. అరుస్తున్నంతసేపూ మేత వెయ్యకండి, తలుపు తియ్యకండి, వాటివైపు వెళ్లకండి. ఒక నిమిషం ఊరుకున్నాయా, అప్పుడు వెయ్యండి. మొదటి నాలుగైదు రోజులు అరుపులు తగ్గకపోగా పెరుగుతాయి, ముందే చెబుతున్నాం. అక్కడ మనసు కరిగి మేత వేశారా, ఇంకా గట్టిగా అరిస్తేనే వస్తుందని నేర్చుకుంటాయి, మొదటికే మోసం. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. మీరు పట్టుదలగా ఉండి, నాయనమ్మ కిటికీలోంచి అన్నం మెతుకులు విసిరితే లాభం లేదు. రెండు మూడు వారాల్లో తేడా కనబడుతుంది. మేత కూడా వంటింటి వైపు నుంచి కాకుండా వేరే పక్కనుంచి, రోజూ ఒకే వేళకి వెయ్యడం మంచిది.

నీళ్లు అయిపోయినా అరుస్తాయి. చెరువు లేకపోయినా బాతు బతుకుతుంది, గుడ్లూ పెడుతుంది. కానీ ముక్కూ కళ్లూ ముంచి కడుక్కునేందుకు ఐదారు అంగుళాల లోతు నీళ్లుండే తొట్టి తప్పనిసరి. మేత ఉన్న చోట నీళ్లు లేకపోతే పొడి తవుడు గొంతుకి అడ్డంపడి ఉక్కిరిబిక్కిరవుతాయి. అంచేత ఎప్పుడూ తడిపిన మేతే పెట్టండి.

కుక్క, పిల్లి, ముంగిస, పందికొక్కు కనబడ్డా గోల తప్పదు. అది తప్పు పట్టాల్సిన అరుపు కాదు. అర్ధరాత్రి బాతులు ఒక్కసారిగా అరిస్తే లేచి చూడండి.

గూడు ఎక్కడ, ఎలా?

చాలామంది చేసే పొరపాటు, జాగా కలిసొస్తుందని గూటిని పక్కింటి ప్రహరీకి ఆనించి కట్టడం. అటు గోడవతలే వాళ్ల పడకగది కిటికీ ఉంటుంది. గూటిని వాళ్ల ఇంటికి వీలైనంత దూరంగా, గుమ్మం మీ ఇంటివైపు ఉండేలా కట్టండి. మీకు వినబడితే మీరు తొందరగా పట్టించుకుంటారు కూడా.

రేకుల గూడు వద్దు. వానకి మోగుతుంది, ఎండకి కాలుతుంది, లోపలి అరుపుని డబ్బాలా పెంచి బయటికి పంపుతుంది. మట్టిగోడో ఇటుక గోడో పెట్టి, పైన తాటాకు గానీ దిట్టంగా గడ్డి గానీ కప్పితే శబ్దం చాలావరకు లోపలే అణుగుతుంది. కింద ఊక నాలుగంగుళాల మందాన పరవండి. గుడ్లుపెట్టే బాతుకి రాత్రి గూట్లో మూడు నాలుగు చదరపు అడుగులు, పగలు తిరగడానికి పది పదిహేను చదరపు అడుగులు ఉండాలి. గాలి కోసం గోడ పైభాగంలో జాలీ వదలండి. కళ్ల ఎత్తున మాత్రం తడిక కట్టి వీధి కనబడకుండా చెయ్యండి. దారినపోయే కుక్కా సైకిలూ కనబడకపోతే అరిచే పని వాటికి సగం తగ్గినట్టే.

తెల్లారగట్ల వెలుగు చొరబడగానే అవి లేస్తాయి. తూర్పు వైపు జాలీకి గోనెపట్టా వేలాడదీస్తే ఇంకో గంటో గంటన్నరో పడుకుంటాయి. సాయంత్రం చీకటిపడే ముందు కడుపునిండా మేత పెట్టి లోపలికి తోలండి. ఉదయం ఎనిమిది తొమ్మిది దాకా బయటికి వదలకండి. బాతులు గుడ్లు దాదాపు అన్నీ ఆ లోపే పెట్టేస్తాయి కాబట్టి గుడ్లు కలుపు మొక్కల్లో, మురుగు కాలవల్లో పోవు. అటు గోలా తగ్గుతుంది, ఇటు గుడ్లూ దక్కుతాయి. లోపల నీళ్ల తొట్టి ఉంచడం మరవకండి. ఎండాకాలంలో ఎనిమిది దాకా మూసి ఉంచితే ఉక్కపోతకి చచ్చిపోతాయి. అప్పుడు పట్టా తీసేసి పెందలాడే వదలాలి.

కొందరు ముక్కుకి రబ్బరు బ్యాండు వేస్తున్నారని విన్నాం. దయచేసి ఆ పని చెయ్యకండి. బాతుకి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చే ఒళ్లు చల్లబరచుకుంటుంది. ముక్కు కడితే ఒక్క మధ్యాహ్నంలో ప్రాణం పోతుంది. పగలంతా గంప కింద బోర్లించడం కూడా అలాంటిదే.

నిజమైన ఫిర్యాదు ఏది?

పక్కింటివాళ్లు అరుపులంటారు గానీ, కూర్చుని మాట్లాడితే చాలాసార్లు అసలు బాధ కంపు, దోమలు అని తేలుతుంది. బాతు రెట్ట పల్చన. తొట్టి నీళ్లు చిందించి నేలంతా బురద చేస్తుంది. తొట్టిని రోజూ కడిగి ఆ నీళ్లు అరటికో, చేమకో, కొబ్బరి మొక్కకో మళ్లించండి, మంచి ఎరువు. తడిసిన ఊకని తీసి పొడిది వెయ్యండి.

మాట్లాడ్డం మాత్రం అర్జీ పడకముందే మాట్లాడాలి. కొత్త బాతుల్ని తెచ్చినప్పుడు రెండు మూడు రోజులు అరుస్తాయని ముందే చెప్పి వస్తే సగం కోపం ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి ఉంది. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. కాబట్టి ఆ వేళల్లో గూడు నిశ్శబ్దంగా ఉండేలా చూసుకుంటే మీ మాటకీ బలం ఉంటుంది. పట్నం పరిధిలో పక్షుల పెంపకానికి ఏ షరతులున్నాయో మునిసిపల్ ఆఫీసులో కనుక్కోండి.

నోరు పడిపోతే జాగ్రత్త

ఎప్పుడూ అరిచే బాతు ఉన్నట్టుండి ఊరుకుంటే సంతోషించకండి, అది జబ్బు లక్షణం. బూజుపట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న బాతుకి విషం. వాటిలోని అఫ్లాటాక్సిన్‌ని కోడికంటే బాతు అసలు తట్టుకోలేదు. డక్ ప్లేగు, డక్ కలరా టీకాల గురించి పశువైద్యశాలలో అడగండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాతులు ఒక్కోసారి పైకి ఏమీ కనబడకుండానే ఆ వైరస్ మోస్తాయి. కోళ్లనీ బాతుల్నీ ఒకే గూట్లో కలపకండి. ఒకటికి రెండు చనిపోతే కాలవలో విసిరేయకుండా వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టండి.

మొదట చెప్పిన ఆ కౌలు రైతు రెండు మగబాతుల్ని అమ్మేసి, రేకుల గూడు విప్పి తాటాకుతో దొడ్డికి ఇటు చివర కట్టాడు. ఏడింటిలో నాలుగు ఆడబాతులు మిగిల్చి, ఒకదాన్ని చెల్లెలి ఊరికి పంపాడు. పక్కింటాయన ఇంకా సణుగుతూనే ఉన్నాడట. అర్జీ మాత్రం పెట్టలేదు. వాళ్లావిడ వారానికి ఆరు గుడ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటోంది.