కొల్లేరుకు ఊపిరాడవలెనంటే

చేపల చెరువు గట్టున కాపురమున్నవారికి ఒక సంగతి బాగా తెలుసు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. పగలు నీటిలోని నాచు ఎండ సహాయంతో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రివేళ ఆ నాచే, చేపలతోపాటు దానిని వాడుకుంటుంది. అందుచేత తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. శాస్త్రజ్ఞులు నీటిని సీసాలో పట్టి కొలిచేది దీనినే. మన పెద్దలు చేపను చూసి చెప్పేవారు, అంతే తేడా.

కోళ్ల పెంట, మిగిలిన మేత, పొలాల ఎరువు ఎక్కువైనకొద్దీ నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. చెరువులో అయితే నీరు మార్చుకుంటాము. మరి కొల్లేరుకు నీరు మార్చేదెవరు?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ పల్లపు సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలు వచ్చి చేరుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వరద వచ్చినప్పుడు కొల్లేరు పరుచుకొని, ఆ నీటిని నిదానంగా సముద్రానికి విడిచిపెట్టేది. 1970ల నుండి సరస్సులో చెరువు గట్లు లేచాయి. పరుచుకొనే చోటు తగ్గింది, పారుదల మందగించింది.

1999లో ఐదవ కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో యంత్రాలతో గట్లు కొట్టించారు. హద్దును మూడవ కాంటూరుకు తగ్గించమని 2008లో శాసనసభ తీర్మానించింది. కాగితం మీద గీత దించితే వరద నీరు దిగుతుందా అని మాకు సందేహమే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు చివరకు చేరవలసినది కొల్లేరుకే.

అయితే లంక గ్రామాల మాట కూడా చెప్పుకోవాలి. పేదల సొసైటీల పేరిట ఉన్న చెరువులు అనేకం డబ్బున్నవారి లీజుల్లోనే నడిచాయి. గట్లు తెగిన తరువాత లీజుదారులు మెరక ప్రాంతాలలో చెరువులు తవ్వుకున్నారు. "అయ్యగారూ, పక్షులకు హద్దు గీశారు, మరి మాకో?" అని ఒక లంక గ్రామంలో ఓ తల్లి మమ్మల్ని అడిగింది. ఇప్పుడామె తెల్లవారకముందే ఆటో ఎక్కి, ఆ మెరక చెరువుల దగ్గరకే కూలికి వెళుతుంది.