రెండేళ్లు నిలబెట్టిన బండి లేవడం లేదా? ఇంజిన్ దించే ముందు పెట్రోల్ దారి చూడండి

నిజామాబాద్, కరీంనగర్, కడప వైపు చాలా ఇళ్ల వరండాల్లో కవర్ కప్పిన బండి ఒకటి కనిపిస్తుంది. దుబాయ్‌కో సౌదీకో వెళ్లిన అన్నదో, నాన్నదో అయి ఉంటుంది. మనిషి సెలవు మీద వచ్చాక ఎంత కిక్ కొట్టినా అది లేవదు. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే ఒక్కోసారి ‘బోరు పని ఉంది, ఇంజిన్ దించాలి’ అంటారు. అంటే వేలల్లో ఖర్చు. పైగా ఉన్న నెల రోజుల సెలవులో వారం షెడ్డు చుట్టూ తిరగడానికే సరిపోతుంది. అయితే నిలబెట్టేనాటికి బాగా నడిచిన బండికి ఊరికే నిలబడి ఉంటే బోరు అరగదు. చాలాసార్లు తంటా అంతా ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా పెట్రోల్ వచ్చే దారిలోనే ఉంటుంది.

ఇదంతా కార్బరేటర్ బండ్ల సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఎక్కువ శాతం బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటి జోలికి ఇంట్లో పోకపోవడమే మంచిది.

మొదట పది కిక్కులు కొట్టి స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. ప్లగ్ పెట్రోల్‌తో తడిగా ఉంటే పెట్రోల్ అందుతోందని అర్థం. అప్పుడు కరెంటు సరిగా వస్తోందా, పెట్రోల్ మరీ ఎక్కువ పడుతోందా చూడాలి. ప్లగ్ పొడిగా ఉంటే మాత్రం పెట్రోల్ పైకి రావడం లేదన్నమాట.

తర్వాత కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి, దాని కొసను డబ్బాలో పెట్టి పెట్రోల్ కాక్ తిప్పాలి. ఈ పని బయటే, ఇంజిన్ చల్లారాకే చేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు. పట్టిన పెట్రోల్‌ను నీళ్ల బాటిల్‌లో అసలు పోయొద్దు, పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు.

ధార మొదటి నుంచీ సన్నగా ఉంటే కాక్‌లోని జాలీకి తుప్పు, చెత్త పట్టి ఉంటుంది. మొదట బాగా వచ్చి క్రమంగా తగ్గిపోతే ట్యాంక్ మూత విప్పి చూడండి. విప్పగానే ధార మళ్లీ పుంజుకుంటే దోషం మూతదే. మూతలో గాలి లోపలికి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల గాలి చాలక పెట్రోల్ దిగదు. రెండు కిలోమీటర్లు పోయి ఆగి, పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్లలో ఇది తరచూ కనిపించే రోగం. దీనికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కొన్ని గేర్‌లెస్ స్కూటర్లలో కాక్ ఇంజిన్ లాగే గాలితోనే తెరుచుకుంటుంది కాబట్టి, వాటిలో కిక్ కొడితే తప్ప ధార రాదు.

ధార బాగానే ఉంటే ఇక కార్బరేటర్ వంతు. అడుగున ఉన్న గిన్నెలో మిగిలిన పెట్రోల్ నెలల తరబడి ఆవిరైపోయి జిగురులా గట్టిపడుతుంది. ముందు మూసుకుపోయేది పైలట్ జెట్, ఎందుకంటే దాని రంధ్రమే అన్నిటికంటే సన్నం. చోక్ వేస్తేనే స్టార్ట్ అయి, చోక్ తీయగానే ఆగిపోతే, లేదా యాక్సిలేటర్ వదలగానే ఆగిపోతే పైలట్ జెట్‌ను అనుమానించాలి. మెల్లగా బాగా నడిచి, స్పీడు పెంచితే గుక్కపట్టి ఆగుతుంటే మెయిన్ జెట్ గానీ, సరిపోని ధార గానీ కారణం. జెట్లను పిన్నీసుతోనో తీగతోనో గుచ్చవద్దు, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోయినట్టే. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పెడితే చాలు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకులో పేరుకున్న పాత మురికిని కూడా అది కరిగించి జాలీ దాకా తెస్తుంది. 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, రబ్బర్లు 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో వస్తున్నాయి. అంతకంటే పాత బండిలో రబ్బర్లు ఉబ్బినా, పగుళ్లు కనిపించినా మార్చేయాలి. ఆ పైపుకు పెద్దగా ఖర్చు కాదు. అది కారి వేడి ఇంజిన్ మీద పడితే బండే తగలబడుతుంది.

పాత చేతక్ లాంటి టూ స్ట్రోక్ స్కూటర్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి వెళ్తుంది. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది, వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. చోక్ సగం లాగి ‘ఇలా నడుస్తోంది కదా’ అని నెల రోజులు తిప్పితే, మెకానిక్ చెప్పిన బోరు పని అప్పుడు నిజంగానే వస్తుంది.

తిరిగి గల్ఫ్ వెళ్లే ముందు కాక్ మూసి, గిన్నెలోని పెట్రోల్ అయిపోయి బండి దానంతట అది ఆగేదాకా నడపాలి. నెలా రెండు నెలలకైతే ట్యాంక్ నిండా ఉంచడమే మేలు, తుప్పు తక్కువ పడుతుంది. రెండేళ్లకైతే పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి మూత పెట్టాలి.